కుద్రేముఖ్ గడ్డి కొండలు: ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్ల అపోహలు

బెంగళూరు నుంచి తెలుగువాళ్లను బ్యాచులుగా కర్ణాటక పడమటి కనుమల్లోని కుద్రేముఖ్ తీసుకెళ్లడం నా పని. ఒకసారి మారతహళ్లిలో బస్సెక్కిన జంట సంచి నిండా విత్తన బంతులు తెచ్చారు. వేప, కానుగ, చింత గింజలు. "కొండలన్నీ బోడిగా ఉంటాయట కదన్నా, నడుస్తూ విసురుదాం" అన్నారు. మంచి మనసుతోనే తెచ్చారు. అయినా సంచి విప్పనివ్వలేదు.

అపోహ: గడ్డి కొండలంటే చెట్లు నరికేసిన కొండలు.

వాస్తవం: పడమటి కనుమల పైభాగాన ఈ గడ్డి సహజంగా పెరిగేదే. గాలి బలంగా కొట్టే, మట్టి పలుచగా ఉండే వాలుల మీద గడ్డి ఉంటుంది. తేమ నిలిచే లోయ మడతల్లో దట్టమైన చెట్ల గుంపులు, అంటే షోలాలు ఉంటాయి. నీలగిరుల బురద నేలల్లో దొరికిన పాత పుప్పొడిని బట్టి అక్కడి గడ్డి వయసు 20 వేల ఏళ్లకు పైమాటే. అక్కడే బ్రిటిష్ వాళ్లు తెచ్చి నాటిన వాటిల్ చెట్లు ఈ రోజుకీ గడ్డిని మింగుతున్నాయి. నేను విత్తనాలకు భయపడేది అందుకే.

ఈ గడ్డీ షోలాలూ వాన నీటిని పట్టుకుని మెల్లగా వదులుతాయి. తుంగ, భద్ర ఈ కొండల్లోని గంగమూల దగ్గరే పుట్టి, కూడ్లి అనే ఊరి దగ్గర కలిసి, తుంగభద్రగా మంత్రాలయం, కర్నూలు దాటి కృష్ణలోకి చేరతాయి. బ్యాచులో కర్నూలు వాళ్లుంటే "మీ ఏటి పుట్టిల్లు ఇదే" అని తప్పకుండా చెబుతాను. ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వినన్నాళ్లూ ఎర్రమట్టి భద్రలోకి కొట్టుకుపోయేది. సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివర్లో తవ్వకం ఆగింది.

అపోహ: పులి కనిపించకపోతే అడవికి వెళ్లినట్టే కాదు.

వాస్తవం: పులులున్నాయి, మనకు కనిపించడమే అరుదు. నాకు టెన్షన్ అంతా అడవిదున్నతోనే. పొగమంచులో దగ్గరదాకా వెళ్లేవరకూ కనపడదు. ఎదురైతే మాటలాపి, మెల్లగా వెనక్కి నడవాలి. షోలా దగ్గర ఆగి తల పైకెత్తితే, అదృష్టముంటే సింగలీకం కనిపిస్తుంది. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడి అడవిలోనూ లేని కోతి అది. దానికి బిస్కెట్లు వేయకండి. తిండి అలవాటై రోడ్డు మీదికొస్తే బండ్ల కింద పడుతుంది.

అపోహ: జలగ పడితే ఉప్పు చల్లాలి.

వాస్తవం: ఉప్పు నేల మీద పడితే కప్పల చర్మానికి హాని. గోటితో పక్కకు నెట్టండి, ఊడిపోతుంది. దానికి విషం లేదు. నెత్తురు గడ్డకట్టనివ్వదు కాబట్టి కాసేపు కారుతుంది, గుడ్డతో అదిమి పట్టుకోండి.