బోబా టీకి తాతయ్య తీర్పు

తిరుపతి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఇద్దరి తగవు తీర్చే పని మీ అమ్మ నాకు అప్పగించింది. పాలు కలిపిన టీలో నమిలే పిండి గుండ్లు వేసి ఇచ్చే బోబా టీ వంటిది లోకంలో లేదని పెద్దది, అది గొప్పలు పోయిన సగ్గుబియ్యం పాయసమని చిన్నవాడు. సగం జీవితం మిఠాయి కొట్టులో పాకం ముందు నిలబడ్డవాణ్ణి కాబట్టి ఈ సంగతిలో నోరు విప్పే హక్కు నాకుంది. బాలాజీ కాలనీ వైపు సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడల్లా ఈ కొత్త తిళ్ళు ఒక్కొక్కటే రుచి చూశాను. మీ అమ్మమ్మకు మాత్రం అన్నీ చెప్పలేదు.

చిన్నవాడి మాటలో సగం నిజముంది. బోబా గుండ్లు, మన సగ్గుబియ్యం రెండూ కర్రపెండలం పిండితో చేసేవే. సేలం నుంచి, మన పెద్దాపురం, సామర్లకోట మిల్లుల నుంచి వచ్చే సరుకూ అదే. అయితే పిండి ఒకటైనంత మాత్రాన తినే వస్తువు ఒకటే అవుతుందా? శనగపిండితోనే బజ్జీ వేస్తాం, మైసూరుపాకూ చేస్తాం. సగ్గుబియ్యం పాలలో ఉడికి, కరిగి, పాయసాన్ని చిక్కబరచాలి. బోబా గుండు కరగకూడదు. పైన మెత్తగా, లోపల సాగుతూ విడిగా నిలవాలి. అందుకే పిండిని మరిగే నీళ్ళతో కలిపి, ఉండలు చుట్టి, చాలాసేపు ఉడికించి, అదే వేడి నీళ్ళలో మగ్గనిచ్చి, తరువాత బెల్లపు రంగు చక్కెర పాకంలో నానబెడతారు. ఓపిక ఉన్న పనే. తక్కువ చేసి మాట్లాడకు నాయనా.

ఈ పానీయం 1980లలో తైవాన్‌లో పుట్టింది. తైచుంగ్ ఊరిలోని చున్ షుయ్ టాంగ్, తైనాన్‌లోని హన్లిన్ అనే రెండు టీ కొట్లు దీన్ని మేము కనిపెట్టామంటే మేమని ఏళ్ళ తరబడి కోర్టులో పోట్లాడుకున్నాయి. ఎవరికీ పేటెంటు లేని పానీయం, ఎవరైనా చేసుకోవచ్చు, మొదట ఎవరు చేశారన్నది తేల్చే అవసరమే లేదని 2019లో కోర్టు ఆ గొడవకు తెరదించింది. మీ వ్యాజ్యాన్నీ అలాగే కొట్టివేయవచ్చు కానీ, ఇచ్చిన డబ్బుకు తగినది దొరుకుతోందా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

నా లెక్క ఇది. గుండులో రుచి వెతకవద్దు, అందులో ఉన్నది పాకం తీపి మాత్రమే. మీరు డబ్బు ఇస్తున్నది నమలడానికి. నమలడం బాగుంటే ధర న్యాయం, లేకపోతే మోసం. ఉడికించి కొన్ని గంటలు దాటినా, ఫ్రిజ్‌లో పెట్టినా ఆ పిండి బిగుసుకుపోయి గుండు నడుమ సుద్దలా తగులుతుంది. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో గట్టిపడేదీ ఈ కారణంతోనే. కాబట్టి కొట్టులో అడగవలసింది ఎన్ని రుచులున్నాయని కాదు, గుండ్లు ఎప్పుడు ఉడికించారని. విసుక్కుంటే బయటికి వచ్చేయండి. వరుసలో నిలబడటం నాకు గిట్టదు గానీ, జనం ఉన్న కొట్టులో సరుకు నిలవ ఉండదన్నది కూడా నిజమే. వీడియోలు చూసి ఎగబడిన వాళ్ళను వదిలేయండి. ఆ సందడి తగ్గాక కూడా కొనేవాళ్ళు కనిపిస్తే అక్కడ పనితనం ఉందన్నమాట.

తీపి సగానికి తగ్గించమని అడగండి. రోజుకు పాతిక గ్రాముల లోపు చక్కెర మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పూర్తి తీపి పెద్ద కప్పు ఒక్కటే ఆ హద్దు దాటగలదు. లడ్డూలు చుట్టి బతికిన తాత చెప్పేది వింతగా ఉందా? లడ్డూ తింటే తీపి తిన్నామని తెలుస్తుంది, టీ అనే పేరుతో తాగితే తెలియదు.

ఇక కొరియా మిరప నూడుల్స్. పొట్లంలో నూడుల్స్ అమ్మే ఆలోచన జపాన్‌లో మొమొఫుకు ఆండోది, 1958లో. కొరియాలో సామ్‌యాంగ్ సంస్థ 1963లో మొదలుపెట్టి, ఇప్పుడు మీరు పందెం కాసి తినే బుల్డక్ రకాన్ని 2012లో తెచ్చింది. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం వాటిలో మూడు రకాలు మరీ ఘాటని అంగళ్ళ నుంచి తీయించింది, తరువాతి నెలలో రెండింటిని మళ్ళీ అనుమతించింది. మన కారం తిన్న నోటికి ఇదొక లెక్కా అని మీ నాన్న ఎగతాళి చేశాడట. మన కారం అన్నంలోనో, సంగటిలోనో, పప్పులోనో కలిసి వస్తుంది. ఇక్కడ సంచిలోని గుజ్జు అంతా నాలుక మీదికే వస్తుంది. మండితే నీళ్ళు తాగకండి, మిరప ఘాటు నీటిలో కరగదు. పెరుగో, పాలో తీసుకోండి. ఆ మంటను పక్కన పెడితే తీపి, ఉప్పు తప్ప నాకేమీ దొరకలేదు. పందెం కోసమైతే సరే, ఆకలి కోసమైతే వద్దు.

టిబెట్, నేపాల్ వంటకమైన మోమోకు మాత్రం నా ఓటు. పలుచని మైదా పొర, లోపల క్యాబేజీ, ఎర్రని పచ్చడి, ఆవిరి. బండి వాడు కళ్ళ ముందే పాత్ర మూత తీసి ఇస్తాడు. వేపిన మోమో ఎంత కరకరలాడినా తీసుకోకండి, నూనెలో నిన్నటి సరుకు కూడా కొత్తదిలా కనిపిస్తుంది. ఇది వృత్తి రహస్యం, మా వాళ్ళు వింటే కోప్పడతారు.

చైనా ఉత్తర ప్రాంతపు టాంగ్‌హులును, అంటే పుల్లకు గుచ్చి పాకంలో ముంచిన పళ్ళను, ఇంట్లో చేస్తామని ఫోనులో అన్నారు కదా, నేను రాకుండా పొయ్యి వెలిగించవద్దు. ఆ ముదురు పాకం నూట యాభై డిగ్రీల దాకా కాగాలి. మరిగే నీళ్ళ కంటే చాలా వేడి, పైగా చర్మానికి పడితే అతుక్కుని వదలదు. ఊరి బయట ఆకాశం నల్లబడ్డ కార్తీకంలో అసలు మొదలుపెట్టనే కూడదు, గాలిలో తేమకు పై పెంకు జిగురవుతుంది. వేసవిలో కూర్చోబెట్టి నేర్పుతాను.

పుల్లకు గుచ్చి, పిండిలో ముంచి వేపి, చీజ్ సాగదీసి చూపించే కార్న్ డాగ్ సంగతి అడగకండి. సాగినంతసేపు బాగుంది.

సెలవులకు రాగానే బోబా నా ఖర్చు, సగం తీపి షరతు మీద. మిరప నూడుల్స్ బిల్లు మీ నాన్నదే.

ఇట్లు,
మీ తాతయ్య