గ్లేసియర్ దగ్గర అడవిలో టెంటు: మన గోదావరి వాళ్ల అపోహలు, అసలు సంగతులు

మాది కోనసీమ. ఏటా మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు ఆఖర్లో ఒకసారి మన జిల్లాల నుంచి పది పన్నెండు మందిని ఉత్తరాఖండ్ హిమాలయాల్లో గంగోత్రి పైకి తీసుకెళ్తుంటాను. గంగోత్రి నుంచి 9 కిలోమీటర్లు నడిస్తే చీర్‌బాసా. భాగీరథి నది ఒడ్డున, పైన్ చెట్ల మధ్య కాస్త చదును నేల. సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తు. కరెంటు లేదు, టెంటే ఇల్లు. ఇంకో 5 కిలోమీటర్లకు భోజ్‌బాసా, ఆపైన 4 కిలోమీటర్లకు గోముఖ్. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి గ్లేసియర్ (నెమ్మదిగా కదిలే మంచు నది) కొస అదే.

బయల్దేరే ముందు అందర్నీ అమలాపురంలో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడతాను. ప్రతిసారీ అవే మాటలు వినపడతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి నీళ్ల గురించి వేరే చెప్పాలా?

చెప్పాలి. నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఈ ధీమాకే. మన గోదావరి త్రయంబకం దగ్గర సహ్యాద్రి కొండల్లో పుట్టింది. దానికి గ్లేసియర్‌తో సంబంధం లేదు, వానే ఆధారం. పైన వాన పడితే వరద, ఎండాకాలం వస్తే ఇసుక తిన్నెలు. ఆ వరద కూడా చెప్పి వస్తుంది. భద్రాచలంలో నీళ్లు పెరిగాయని ముందే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. సామాన్లు సర్దుకోవడానికి, గొడ్లను గట్టు మీదికి తోలుకోవడానికి టైము ఉంటుంది.

గ్లేసియర్ నుంచి వచ్చే నీటికి వానతో పనిలేదు. ఎండ చాలు. పొద్దున చీలమండ లోతున్న వాగు, మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నం నుంచి పెరిగి సాయంత్రానికి మోకాలు దాటుతుంది. రాత్రి చలికి మళ్లీ తగ్గుతుంది. అందుకే వాగులు దాటడం తెల్లవారగానే పెట్టుకుంటాం.

ఒకసారి లంక గ్రామం నుంచి ఒక బాబాయ్ గారు వచ్చారు. నీళ్ల పక్కన తెల్లటి ఇసుక చూసి టెంటు అక్కడే వేస్తానని పట్టుబట్టారు. "వాన చుక్క లేదు, ఆకాశం అద్దంలా ఉంది. వరదెక్కడిది అబ్బాయ్?" అన్నారు. నేను వాదించలేదు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, "సాయంత్రం చూద్దాం బాబాయ్ గారూ, అందాకా టెంటు విప్పకండి" అన్నాను. అప్పుడు మధ్యాహ్నం రెండయింది. అయిదింటికి పుల్ల కొస మాత్రమే కనపడుతోంది. ఆరింటికి అదీ లేదు. ఆయన చాలాసేపు ఆ చోటు వైపే చూసి, "ఇక్కడ మనకి ఫోన్ చేసి చెప్పేవాడు ఎవడూ ఉండడు కదా" అన్నారు. తర్వాత తన బ్యాగు తనే తీసుకెళ్లి పైనున్న చెట్ల దగ్గర పెట్టారు.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది.

ప్రతి ట్రిప్పులో కనీసం నలుగురి మెడలో కర్పూరం మూట కనపడుతుంది. దాని ఘాటుకి ముక్కులో చల్లగా తగిలి ఊపిరి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ రవ్వంత కూడా పెరగదు. చీర్‌బాసా దగ్గర గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో సుమారు మూడింట రెండొంతులే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు పట్టాల్సిందే. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికన్నా రేపు రాత్రి 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు.

కర్పూరం కన్నా ప్రమాదం తలనొప్పి దాచుకోవడం. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక కబడ్డీ కుర్రాడు అందరికన్నా ముందు పరిగెత్తినట్టు నడిచాడు. రాత్రి అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గట్టిగా అడిగితే మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోందని అప్పుడు చెప్పాడు. మూట మాత్రం ముక్కు దగ్గరే ఉంది. తెల్లవారే దాకా ఆగకుండా టార్చిలైట్లతో గంగోత్రికి దించేశాం. అక్కడికి చేరేసరికే కాస్త తేరుకున్నాడు. అదే గుంపులో నెమ్మదిగా, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చిన అరవై ఏళ్ల అత్తయ్య గారికి ఏమీ కాలేదు. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. ఎత్తు పడకుండా వచ్చే ఈ జబ్బుకి మాత్రలు వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరు చెప్పాలి.

అపోహ: మంచు కరిగిన నీళ్లు కాబట్టి అమృతం, అలాగే తాగేయొచ్చు.

ఆ నీళ్లు పాలు కలిపినట్టు ఉంటాయి. గ్లేసియర్ కింద రాయి నలిగి పిండైపోయి నీళ్లలో కలుస్తుంది. మన వరద నీళ్లలో పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగినంత సులువుగా అది దిగదు, అంత మెత్తన. పైన కంచరగాడిదలు, మనుషులు తిరుగుతారు కాబట్టి క్రిములూ ఉంటాయి. పక్క వాగులో తేట నీళ్లు పట్టుకుని, తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు మరగనివ్వాలి.

అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ లేకుండా నేను కదలను. అన్నం సరిగ్గా లేకపోతే మనవాళ్లు సగం తిని వదిలేస్తారు, ఆ రాత్రే చలి పట్టుకుంటుంది.

అపోహ: నాలుగు దుప్పట్లు కప్పుకుంటే చలి ఆగుతుంది.

చలి కింద నుంచి వస్తుంది. మీరు ఎన్ని కప్పుకున్నా నేల మీ ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి ముందు మంచి మ్యాట్ కావాలి. చెమట పట్టిన కాటన్ బనీను మార్చకుండా పడుకోవద్దు. టెంటు జిప్పులన్నీ బిగించేసుకుంటే మీ ఊపిరే గుడ్డకు పట్టి తెల్లారేసరికి చుక్కలుగా మీద పడుతుంది. పై కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందనే మాట కూడా నమ్మొద్దు. చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

ఆవకాయ, ఎండు చేపలు, కాజాలు పడుకునే టెంట్లో పెట్టుకోకండి. ఆ అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయి. తిండి మొత్తం దూరంగా ఉన్న వంట టెంటులోనే.

అపోహ: అడవిలో క్యాంపు అంటే రాత్రి మంట ఉండాల్సిందే.

మన దగ్గర తోటలో ఎండు కొబ్బరి మట్టలకు లోటు లేదు, ఇవాళ కాల్చినా రేపటికి ఇంకో మట్ట రాలుతుంది. అక్కడ అలా కాదు. ఆ ఎత్తులో చెట్టు పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడతాయి. భోజ్‌బాసా అంటే భోజపత్ర చెట్లుండే చోటు. ఇప్పుడు వెళ్తే రాళ్లు, గాలి. యాత్రికుల పొయ్యిలకీ, చలిమంటలకీ కొట్టేయగా పేరు మాత్రం మిగిలింది. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్త్ అక్కడ మళ్లీ భోజపత్ర మొక్కలు నాటించడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఈ దారంతా గంగోత్రి నేషనల్ పార్కులోదే, అక్కడ మంట వేయడం నిషేధం. నిషేధం లేకపోయినా నేను వేయనివ్వను. స్టవ్ మా వెంట ఉంటుంది, వేడి నీళ్ల సీసా ఒకటి మీ స్లీపింగ్ బ్యాగులో పెట్టి ఇస్తాం.