ఇఫ్ఫీ: అపోహలు - వాస్తవాలు

భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం (ఇఫ్ఫీ) ఏటా నవంబరులో గోవాలో జరుగుతుంది. ఉత్సవాలకు వచ్చే చిత్రాలను ముందుగా చూసి ఎంపిక చేసే పనిలోనూ, ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనల నిర్వహణలోనూ ఉన్నవాడిగా, ఇఫ్ఫీ గురించి మన ప్రేక్షకుల నోట తరచుగా వినే కొన్ని అపోహలకు సమాధానం చెప్పడం అవసరమనిపించింది.

అపోహ: అది మేధావుల వ్యవహారం, జనం మెచ్చిన సినిమాలకు అక్కడ చోటు లేదు.

1952 జనవరిలో బొంబాయిలో మొదలైన తొలి ఉత్సవంలోనే ‘ఆవారా’, ‘అమర్ భూపాలీ’, ‘బాబ్లా’ చిత్రాలతో పాటు మన ‘పాతాళ భైరవి’ ప్రదర్శితమైంది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించి, అంతకు ముందు ఏడాది ఊరూరా జనాన్ని థియేటర్లకు రప్పించిన జానపద చిత్రమది. తోట రాముడూ నేపాళ మాంత్రికుడూ కనిపించిన ఆ ఉత్సవంలోనే ఇటలీ దర్శకుడు డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను కూడా మనవాళ్ళు చూశారు. పోయిన సైకిలు కోసం తండ్రీకొడుకులు వీధులన్నీ తిరిగే ఆ కథ, స్టూడియో సెట్లకు అలవాటు పడిన మన దర్శకులను ఎంతగా కదిలించిందంటే, మరుసటి ఏడాదే బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ తీసి, తన రైతును కలకత్తా వీధుల్లో రిక్షా లాగించారు. మాయాజాలమూ కటిక వాస్తవమూ ఒకే ఉత్సవంలో పక్కపక్కన నిలబడగలగడమే, నా దృష్టిలో, ఇఫ్ఫీకి మొదటి నుంచీ ఉన్న అసలైన ఆకర్షణ.

అపోహ: ఇఫ్ఫీ మొదటి నుంచీ గోవాదే.

గోవా శాశ్వత వేదిక అయినది 2004లో. తొలి ఉత్సవం బొంబాయి తరువాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు కూడా వెళ్ళింది. 1965లో ఢిల్లీలో జరిగిన మూడో ఉత్సవంతో పోటీ విభాగం మొదలై, శ్రీలంక దర్శకుడు లెస్టర్ జేమ్స్ పీరిస్ తీసిన ‘గంపెరలియ’ ఉత్తమ చిత్రానికిచ్చే స్వర్ణ మయూరాన్ని గెలుచుకుంది. పోటీ లేని సంవత్సరాల్లో ‘ఫిల్మోత్సవ్’ పేరిట ఇతర నగరాల్లో జరిపిన రోజుల్లో, 1986లో, హైదరాబాదు కూడా ఆతిథ్యమిచ్చింది.

అపోహ: ఉత్సవంలో ప్రదర్శించారంటే బహుమతి వచ్చినట్టే.

ఈ అపోహ ప్రచారానికి బాగా పనికివస్తుంది కనుక దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్వర్ణ మయూరానికి పోటీ పడేవి అంతర్జాతీయ పోటీ విభాగంలోని కొద్దిపాటి చిత్రాలు మాత్రమే. ఇండియన్ పనోరమా మన దేశ చిత్రాల కోసం 1978లో మొదలైన ప్రత్యేక విభాగం. దానికి ఎంపిక కావడం గౌరవమే గాని బహుమతి కాదు. వీటికి తోడు మార్కెట్ ప్రదర్శన అనేది మరొకటి ఉంటుంది. ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవానికి అనుబంధంగా జరిగే ఫిల్మ్ మార్కెట్‌లో రుసుము చెల్లించి, కొనుగోలుదారుల కోసం హాలు తీసుకుని ఎవరైనా తమ చిత్రాన్ని వేసుకోవచ్చు. ఆ వ్యాపారం సినిమాకు ఎంతో అవసరమైనదే, తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే అక్కడ వేసిన చిత్రాన్ని ‘కాన్‌కు ఎంపికైంది’ అని పోస్టరు మీద అచ్చువేయడం ప్రేక్షకుణ్ణి తప్పుదోవ పట్టించడమే. పోస్టరు చూసినప్పుడు విభాగం పేరు రాశారో లేదో గమనించండి.

అపోహ: కొన్నాళ్ళాగితే అన్నీ ఓటీటీలో వస్తాయి.

చాలా చిత్రాలు రావు. పంపిణీదారు దొరకని సినిమాకు ఉత్సవ ప్రదర్శనే మన దేశంలో తొలిసారీ, తుదిసారీ కావచ్చు. నేడు చిత్రం రీళ్ళలో కాక డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజీ) అనే డిజిటల్ ఫైళ్ళ రూపంలో, తాళం వేసిన హార్డ్ డిస్కులో వస్తుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి ఫలానా హాలులోని ఫలానా సర్వరుకు, ఫలానా వేళల మధ్య మాత్రమే పనిచేస్తుంది. ఆ గడువు దాటితే డిస్కు మా చేతిలోనే ఉన్నా చిత్రం తెర మీదకు రాదు.

అపోహ: ఆహ్వానం లేనిదే లోపలికి రానివ్వరు.

తారలు వచ్చే ప్రారంభ, ముగింపు సభలకు ఆంక్షలు ఉంటాయి గాని, సినిమాలు చూడడానికి డెలిగేటుగా నమోదు చేసుకుంటే చాలు. ఏ చిత్రం చూడదలిచారో ముందుగానే ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకోవాలి. దొరకకపోతే రష్ లైనులో నిలబడవచ్చు, ఖాళీగా మిగిలిన సీట్లు వరుస క్రమంలో ఇస్తారు. మొదటిసారి వెళ్ళేవారు పేరున్న దర్శకుల చిత్రాలకే ఎగబడకుండా, రోజుకు ఒక్కటైనా కొత్త దర్శకుడి తొలి చిత్రాన్ని ఎంచుకోమని నా మనవి. ఆ దర్శకుడే చాలాసార్లు హాల్లో ఉంటారు, ప్రదర్శన అయ్యాక మీరే నేరుగా ప్రశ్న అడగవచ్చు.