‘మా చెవులు గట్టివి’: శబ్దం, జన్యువులు, చెవుడు – అపోహలు, వాస్తవాలు

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి వెళితే పక్కనున్న మనిషితో చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. అక్కడ ఏళ్ల తరబడి పక్కపక్క మగ్గాలు నడిపిన ఇద్దరికి ఆడియోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంత వినిపిస్తుందో గీతగా చూపే పరీక్ష) తీస్తే ఒకరి గీత దాదాపు తిన్నగా ఉండొచ్చు, రెండోవారిది 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడి ఉండొచ్చు, అంటే ఆ కీచు శబ్దాల దగ్గర వినికిడి తగ్గిందన్నమాట. ఈ తేడాలో జన్యువుల వాటా ఉంది. ఆ వాటాను ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే తికమక.

అపోహ: మా వంశంలో చెవిటివాళ్లు లేరు, మాకేం కాదు.

పుట్టుచెవుడు వేరు, శబ్దానికి లొంగే చెవి వేరు. మన దేశంలో పుట్టుచెవుడుకి తరచుగా కనిపించే కారణాల్లో జీజేబీ2 జన్యువు లోపం ఒకటి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులూ దెబ్బతిని ఉంటేనే అది బయటపడుతుంది. అలాంటి చెవుడు మేనరికాల్లో ఎక్కువ కనిపించేది అందుకే.

శబ్దం సంగతి అలా ఒక్క జన్యువుతో తేలదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఉంటాయి: సుమారు 12,000 బయటి వరస రోమకణాలు, 3,500 లోపలి వరస రోమకణాలు ఉంటాయి. చచ్చిన కణం మళ్లీ మొలవదు. శబ్దానికి రోమాలు వంగినప్పుడల్లా పొటాషియం కణంలోకి వస్తుంది, దాన్ని మళ్లీ బయటికి తిప్పి పంపాలి. ఆ పనిలో కేసీఎన్‌ఈ1, కేసీఎన్‌క్యూ4 జన్యువులకు పాత్ర ఉంది. అతిగా పనిచేసిన కణంలో పుట్టే విషపు ఆక్సిజన్ రూపాలను విరిచేవి కెటలేజ్ లాంటి ఎంజైములు. రోమాల కొసలను కలిపి ఉంచే సన్నని దారాలను తయారుచేసేవి సీడీహెచ్‌23, పీసీడీహెచ్‌15. వీటిలో ఎక్కడ చిన్న తేడా ఉన్నా చెవి ఓర్పు మారొచ్చు. ప్రయోగశాలల్లో బ్లాక్-6 రకం ఎలుకలు సీడీహెచ్‌23 లోపంతో పుడతాయి, శబ్దానికి త్వరగా దెబ్బతింటాయి. 129 రకం ఎలుకలు అదే మోతకు బాగా తట్టుకుంటాయి.

ఇంతకీ తాతకు చెవుడు రాలేదంటే ఆయన చెవి గట్టిదని కాదు. ఆయన పొలంలో బతికాడు, సాంచా ముందు నిలబడలేదు. ఆ చెవికి పరీక్షే జరగలేదు.

అపోహ: జన్యు పరీక్ష చేయిస్తే ముందే తెలిసిపోతుంది.

స్వీడన్, పోలండ్ కార్మికుల మీద జరిగిన అధ్యయనాల్లో ఒకే స్థాయి మోతలో పనిచేసి బాగా దెబ్బతిన్నవాళ్లను, బాగా తట్టుకున్నవాళ్లను ఎంచి పోల్చారు. మధ్యలో ఉండే ఎక్కువమంది లెక్కలోకి రాలేదు. అలా దొరికిన తేడాలు అవకాశాన్ని కాస్త అటూఇటూ చేస్తాయంతే, ఫలానా మనిషికి వినికిడి పోతుందని చెప్పలేవు. ఒక దేశంలో తేలింది మరో దేశంలో తేలకపోవడమూ ఉంది. దీన్ని చూపించి యజమాని ఎవరినైనా పనిలోంచి తప్పిస్తే అది శాస్త్రం కాదు, అన్యాయం.

ఏ చెవి మెత్తనిదో చెప్పేది ఏటేటా తీసే ఆడియోగ్రామే. పనిలో చేరేముందు ఒకటి తీయాలి. తర్వాత ఏడాదికోసారి, 14 గంటలు మోతకు దూరంగా ఉండి చేయించుకోవాలి. 3000, 6000 హెర్ట్జ్ వదిలేసి తీసిన పరీక్షలో తొలి గుంత తప్పిపోవచ్చు కాబట్టి అడిగి మరీ పెట్టించుకోండి. 2000, 3000, 4000 దగ్గర సగటున 10 డెసిబెల్స్ దిగజారితే ఆ చెవికి ఆ మోత పడటం లేదన్నమాట. ఈ నష్టం మొదటి పదేళ్లలోనే వేగంగా సాగుతుంది. పదిహేనో ఏట మొదటి పరీక్షకు వస్తే చూసేది గాయాన్ని కాదు, మచ్చని.

అపోహ: అమ్మవైపు వాళ్లకు సూదిమందుతో చెవుడొచ్చింది, మాకూ శబ్దం పడదు.

స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ పడక వినికిడి పోయేవాళ్లలో కొందరికి మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యుపదార్థంలో 1555వ స్థానంలో మార్పు ఉంటుంది. అది తల్లి నుంచే వస్తుంది. ఇది మందుకు సంబంధించిన బలహీనత. ఈ మందులు రాసే డాక్టరుకు ముందే చెప్పండి, కానీ షెడ్డు మోత లెక్కలో కలపకండి.

అపోహ: అలవాటైతే చెవి రాటుదేలుతుంది.

మోత తగ్గినట్టు అనిపిస్తే వినికిడే తగ్గి ఉండొచ్చు. సాయంత్రం చెవులు గుయ్యిమని, తెల్లారేసరికి సర్దుకున్నా పూర్తిగా బాగైనట్టు కాదు. 100 డెసిబెల్స్ శబ్దం 2 గంటలు విన్న ఎలుకల్లో వినికిడి తిరిగొచ్చినా రోమకణాలను నరంతో కలిపే అతుకులు తిరిగి రాలేదని 2009లో తేలింది.

అపోహ: తట్టుకునేవాడికి ఇయర్‌ప్లగ్‌లు అక్కర్లేదు.

మన ఫ్యాక్టరీ నిబంధనల్లో హద్దు 8 గంటలకు 90 డెసిబెల్స్. మేం నమ్మేది 85. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం చేయాలి: 88లో 4 గంటలు, 100లో 15 నిమిషాలే. గట్టి చెవికైనా ఈ లెక్క తప్పదు, కాకపోతే దెబ్బ ఆలస్యంగా కనపడుతుంది.

దూది పనికిరాదు. ఫోమ్ ప్లగ్‌ను శుభ్రమైన వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి 20–30 సెకన్లు వేలితో ఆపి పట్టాలి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే: ఉబ్బేలోపు వేలు తీసేస్తారు, ప్లగ్ బయటికి జారుతుంది. ఇంకో తప్పు, మాట్లాడటానికని మధ్యమధ్యలో తీయడం. 8 గంటల షిఫ్టులో మొత్తం అరగంట తీసినా, ఎంత ఖరీదైన ప్లగ్ అయినా 12 డెసిబెల్స్‌కు మించి కాపాడలేదు. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే మోతలో నిలబడి రెండు అరచేతులతో చెవులు మూసి తెరవండి. శబ్దంలో తేడా తెలిస్తే ప్లగ్ తీసి మళ్లీ పెట్టుకోండి.