వయసు చేసిందెంత, కాలం చేసిందెంత

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో టెట్‌కు, అంటే టీచర్ల అర్హత పరీక్షకు చదివేవాళ్లను అడగండి, పిల్లల ఆలోచన ఎదిగే తీరు మీద పియాజే చెప్పిన దశలు, మనిషి ఎదుగుదల మీద ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది దశలు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. 150 మార్కుల పరీక్షలో శిశువికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు) కలిపి 30 మార్కులు మరి. అదే విషయాన్ని యూనివర్సిటీలో సైకాలజీగా చదివితే కడుపులో బిడ్డ నుంచి ముసలితనం దాకా మనిషి బతుకంతా చూడాలి. అక్కడ దశల పేర్ల కన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడా వయసు వల్ల వచ్చిందా, పుట్టిన కాలం వల్ల వచ్చిందా?

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. డెబ్బయ్యేళ్ల అవ్వ, నలభై అయిదేళ్ల తల్లి, డిగ్రీ చదివే మనవరాలు. ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టండి. వరసగా కొన్ని అంకెలు చదివి తిరిగి చెప్పమనండి, కాగితం మీది బొమ్మల్లో తేడా పట్టమనండి. మనవరాలికి ఎక్కువ మార్కులు, అవ్వకు తక్కువ వస్తాయి. వయసుతో పాటు బుద్ధి తగ్గుతుందని ప్రాజెక్టు రిపోర్టు రాసేయొచ్చు. కానీ అవ్వ బడి ముఖం చూడలేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువున్న జిల్లా మహబూబ్‌నగరే. అవ్వ చిన్నతనంలో ఆడపిల్లకు చదువెక్కడిది? టైము పెట్టి జవాబు చెప్పించుకోవడమే ఆమెకు కొత్త. ఇరవయ్యేళ్ల వయసులో పెట్టినా ఆ పరీక్షలో మనవరాలితో సమానంగా వచ్చేవని చెప్పలేం. మరి ఆ తక్కువ మార్కుల్లో వయసు వాటా ఎంత?

అమెరికాలో వార్నర్ షాయ్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కును విప్పడానికి జీవితమంతా పెట్టాడు. 1956లో సియాటిల్‌లో వేర్వేరు వయసుల వాళ్లకు పరీక్షలు పెట్టి, ఏడేళ్లకోసారి వాళ్లనే మళ్లీ పిలిచాడు. ఒకే ఏడాది చిన్నవాళ్లనూ పెద్దవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, బుద్ధి చిన్న వయసు నుంచే తగ్గుతూ వస్తున్నట్టు కనిపించింది. అదే మనుషుల వెంట ఏళ్ల తరబడి నడిస్తే మాత్రం చాలా సామర్థ్యాలు అరవై దాకా నిలకడగానే ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తేడాలో తరాల పాత్ర పెద్దది. అలాగని తర్వాతి తరాలన్నీ అన్నిట్లో ముందుకు పోలేదు. తర్కంలో మెరుగయ్యాయి, లెక్కల్లో కొంత వెనకబడ్డాయి కూడా.

వయసు వల్ల కాని మార్పు వయసు వల్లే అనిపించడం నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో ఒంటి మీదే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి బోరునీళ్లతో ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి కీళ్లు బిగుసుకుంటే, నడివయసుకే మనిషి ముసలివాడిలా వంగిపోతాడు. ఆ నడుమును చూసి వయసు లెక్కగట్టలేం.

మన దగ్గరే జరిగిన ఒక అధ్యయనం గురించి ఇక్కడి ప్రతి సైకాలజీ విద్యార్థీ తెలుసుకోవాలని నా కోరిక. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో 'యంగ్ లైవ్స్' పేరుతో 2002లో మొదలైంది. ఇథియోపియా, పెరు, వియత్నాం, ఇండియాల్లో కలిపి దాదాపు 12,000 మంది పిల్లలు. ఇండియాలో ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను, అక్కడి జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. రాష్ట్రం మొత్తం మీద సుమారు మూడు వేల మంది పిల్లలు. దాని అసలు బలం పిల్లలను ఎంచుకున్న తీరులో ఉంది. మొదట్లో ఒక గుంపు ఏడాది వయసు వాళ్లు, ఇంకో గుంపు ఎనిమిదేళ్ల వాళ్లు. పెద్ద గుంపుకు 2002లో ఎనిమిదేళ్లు, చిన్న గుంపుకు 2009లో ఎనిమిదేళ్లు. వయసు ఒకటే, కాలం వేరు. ఆ ఏడేళ్లలో మారిన బడి, తిండి, పని పిల్లల మీద ఏం చేశాయో చూసే వీలు అలా దొరికింది. ఈ నాలుగు దేశాల లెక్కల్లో తేలిన ఒక మాట నాకు ధైర్యమిచ్చింది. మొదటి ఏడాది తర్వాత అనుకున్నదానికన్నా బాగా ఎత్తు పెరిగిన పిల్లలు ఎనిమిదేళ్లకు చదువులోనూ మెరుగ్గా కనిపించారు. చిన్నప్పుడు గిడసబారిన బిడ్డ కథ అక్కడితో అయిపోలేదన్నమాట. అంగన్‌వాడీకి, బడిలో మధ్యాహ్న భోజనానికి ఉన్న విలువ ఇందుకే పెద్దది.

ఇలాంటి పనిలో అన్నిటికన్నా పెద్ద టెన్షన్ మనుషులు చేజారిపోవడం. పాలమూరులో ఇది మరీ ఎక్కువ. మేస్త్రీ వెంట బొంబాయికో పుణెకో పోయిన కుటుంబం సర్వే రోజు ఇంట్లో ఉండదు. ఊళ్లో మిగిలినవాళ్లనే లెక్కపెడితే, వలస పోయిన పిల్లల బతుకు ఫలితాల్లోంచి జారిపోతుంది. అప్పుడు జిల్లా పరిస్థితి మనకు తప్పుగా కనిపిస్తుంది. కాబట్టి వాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని అక్కడికి పోవాలి. ఖర్చెక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో చదివే విద్యార్థి ఒంటరిగా అంత పని చేయలేకపోవచ్చు. కానీ ప్రాజెక్టు కోసం ఎవరి దగ్గర కూర్చున్నా వయసు గడి ఒక్కటే నింపి లేవకూడదు. ఏ ఏడు పుట్టారు, బడికి ఎన్నేళ్లు పోయారు, వలస పోయింది ఏ వయసులో, తాగిన నీళ్లు ఎక్కడివి అని కూడా రాసుకోవాలి. వచ్చే ఏడు మళ్లీ వస్తే మాట్లాడతారా అని అడిగి, ఒప్పుకుంటే వాళ్ల ఫోన్ నెంబరు భద్రంగా దాచుకోవాలి.