కోడిపేను రైతులు: జావా పల్లెలో భూమి లెక్క వెనక కథ

ఇండోనేషియాలో అర హెక్టారు లోపు, అంటే మన లెక్కలో ఎకరంపావు కూడా లేని రైతుని పెతాని గురెమ్ అంటారు. పెతాని అంటే రైతు, గురెమ్ అంటే కోడిపేను. ఎవరో వెటకారానికి పెట్టిన పేరు అనుకునేరు, సర్కారు లెక్కల్లో కూడా ఇదే మాట నడుస్తుంది. 2023 వ్యవసాయ గణనలో ఇలాంటి కుటుంబాలు 1.6 కోట్లు దాటాయి, అందులో ఎక్కువ భాగం జావా దీవిలోనే. జావా విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదాంట్లో సగం కూడా ఉండదు, జనం మాత్రం 15 కోట్ల పైన.

ఈ కోడిపేను రైతులకి ఈమధ్య పట్టుకున్న టెన్షన్ అంతా ఒక పాత కాగితం గురించి. కొన్ని చోట్ల దాన్ని గిరిక్ అంటారు, కొన్ని చోట్ల పెతోక్ అంటారు. ఊరి ఆఫీసులో లెటర్ సి అని ఒక లావుపాటి రిజిస్టరు ఉంటుంది. ఏ ముక్క ఎవరి పేరున ఉంది, ఏ తరగతి, ఎంత శిస్తు అన్నది అందులో రాసి ఉంటుంది, ఆ లెక్క ప్రకారం చేతికొచ్చిన శిస్తు కాగితమే గిరిక్. తాత కట్టాడు, నాన్న కట్టాడు, నేనూ కడుతున్నా, కాబట్టి భూమి మాదే అని జనం నమ్మకం. చట్టం మాత్రం ఎప్పుడూ అలా ఒప్పుకోలేదు, శిస్తు కట్టినంత మాత్రాన యజమాని అయిపోరనే చెప్పింది. 2021లో వచ్చిన ప్రభుత్వ నిబంధన ఇంకో అడుగు ముందుకేసి ఐదేళ్ల గడువు పెట్టింది. 2026 ఫిబ్రవరి 2 దాటితే గిరిక్ లాంటివి హక్కుకి రుజువుగా చెల్లవు, రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు ఒక ఆనవాలుగా మాత్రం పనికొస్తాయి. భూమి ఎక్కడికీ పోదు, వచ్చి సర్టిఫికెట్ చేయించుకోండి అని అధికారులు చెబుతూనే వచ్చారు. అయినా సర్కారు లాగేసుకుంటుందట అన్న పుకారు ఊరూరా తిరిగింది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రెండొందల ఏళ్లుగా, పైనుంచి కొత్త లెక్క వచ్చిన ప్రతిసారీ అక్కడ ఎవరిదో ఒక హక్కు చేజారుతూ వచ్చింది.

ముందు అసలు ఆ ఊళ్లో ఆస్తి అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే మనం పొలం అనగానే ఒక సర్వే నంబరు, ఒక పట్టాదారు, ఒక పాసుపుస్తకం ఊహించేసుకుంటాం. జావా పల్లెలో వరి మడి సవాహ్, మెట్ట చేను తెగలన్, ఇంటి చుట్టూ పెరడు పెకరంగన్, మూడూ మూడు రకాలు. పెరట్లో కొబ్బరి, అరటి, పనస, కర్రపెండలం, ఓ మూల వెదురు పొద, కాళ్లకి అడ్డం పడే కోళ్లు, వీలైతే చేపల గుంట. మడి లేకపోయినా పెరడుంటే నాలుగు రోజులు నెట్టుకు రావచ్చు. ఇల్లు వేరు, దాని కింద నేల వేరు. పాతకాలపు టేకు ఇల్లు మేకులతో కొట్టింది కాదు, కొయ్యకి చిల్లు పెట్టి ఇంకో కొయ్య దూర్చి బిగించింది, కాబట్టి విప్పి మోసుకెళ్లి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు, ఇల్లు అమ్మేసి స్థలం ఉంచుకోవచ్చు. చెట్టు ఒకరిది, చెట్టు కింద నేల ఇంకొకరిది కావడం కూడా అక్కడ వింతేం కాదు.

మనుషులకీ ఇలాగే మెట్లున్నాయి. మడిలో వాటా, సొంత ఇల్లు రెండూ ఉన్నవాళ్లు గోగోల్, కొన్ని వైపుల సికెప్. ఊరి వెట్టి మోసేది వాళ్లే, ఊళ్లో మాట చెల్లేదీ వాళ్లకే. పెరడు మాత్రమే ఉన్నవాళ్లు ఒక మెట్టు కింద. అదీ లేక వేరేవాళ్ల పెరట్లో గుడిసె వేసుకుని బతికేవాళ్లు అడుగున. ఊరి పెద్ద లురాకి, లెక్కలు రాసే చారిక్‌కి జీతం బదులు బెంగ్కొక్ అని పొలం. అచ్చం మన కరణం మాన్యం లాంటిదే, కాకపోతే మన దగ్గర కరణాలు 1984లో పోయారు, బెంగ్కొక్ మాత్రం మధ్య జావాలో ఇప్పటికీ ఉంది. పాత భూమి కొలత పేరు బావు, మన బాహువే, ఒక మనిషి భుజబలం దున్నగలిగినంత అన్న లెక్కలో, ఇంచుమించు ఎకరం ముప్పాతిక.

ఇందులోకి రైతు పేరున శిస్తు కట్టే పద్ధతి తెచ్చింది ఇంగ్లీషువాళ్లు, అక్కడే మనకి బాగా తెలిసిన ఒకాయన ఎదురవుతాడు. 1811లో ఈస్టిండియా కంపెనీ జావాని డచ్చివాళ్ల నుంచి లాక్కుంది. ఆ దండుతో వెళ్లిన ఇంజనీరు కాలిన్ మెకంజీ, అవును, కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫీయత్తులు సేకరించిన మెకంజీయే. జావాలో ఏ భూమి ఎవరి కింద ఉందో విచారించే కమిషన్‌కి 1812లో ఆయన్నే పెద్దని చేశారు. ఆ విచారణలు, ఇండియాలో కంపెనీ అనుభవం అన్నీ కలిపి చూసుకుని, గవర్నరు పని చేస్తున్న స్టాంఫర్డ్ రాఫిల్స్ 1814కల్లా ఒక పద్ధతికి వచ్చాడు. థామస్ మన్రో దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమలో, నడిపిన రైత్వారీకి అది దగ్గరి చుట్టం. భూమంతా సర్కారుది, మధ్యలో దొరలొద్దు, రైతే శిస్తు కట్టాలి. మంచి మడికి పంటలో సగం, మధ్యరకానికి ఐదింట రెండు వంతులు, నాసిరకానికి మూడో వంతు. వినడానికి చక్కగానే ఉంది, కానీ ఆ మడులన్నీ కొలిచే నాథుడేడీ? చివరికి లురా నోటిమాటే లెక్క అయింది, లురా బలిశాడు.

1816లో డచ్చివాళ్లు తిరిగొచ్చారు. 1830లో గవర్నర్ జనరల్ వాన్ డెన్ బోష్ నిర్బంధ సాగు మొదలుపెట్టాడు. ఊరి భూమిలో ఐదో వంతులో సర్కారు చెప్పిన చెరకో నీలిమందో పండించి ఇవ్వాలని కాగితం మీద మాట, చాలాచోట్ల అంతకు మించే గుంజారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. వెట్టి బరువు మడి ఉన్నవాడి మీదే పడుతుంది, చెరకుకేమో ఒక్కచోట కలిసి ఉన్న పెద్ద పొలం కావాలి, దాంతో చాలా ఊళ్లలో మడులన్నీ కలిపేసి, ఇంకా ఎక్కువమందికి చిన్న చిన్న వాటాలుగా పంచేసి, ఏటా మార్చుకుంటూ పోయారు, వాటా తీసుకున్నవాడు వెట్టిలో కూడా వాటా మోయాలి కదా అని. తర్వాత వచ్చిన దొరలు దీన్ని చూసి ఆహా, ప్రాచీన జావా గ్రామ సమష్టి ఆస్తి అని మురిసిపోయారు. నాకైతే అందులో పురాతనత్వం కంటే చెరకు ఫ్యాక్టరీ సౌకర్యమే ఎక్కువ కనిపిస్తుంది. 1849, 50ల్లో దెమాక్, గ్రోబోగన్ జిల్లాల్లో, వరి పండే నేలలోనే, జనం ఆకలితో చచ్చిపోయారు.

1870లో వ్యవసాయ చట్టం, దాంతోపాటు ఒక ప్రకటన: ఎవరూ తమదని రుజువు చేసుకోలేని భూమంతా రాజ్యానిదే. తాతలనాటి వాడుక తప్ప కాగితం లేని ఊళ్లో దీని అర్థమేమిటో వేరే చెప్పాలా? ఈనాటి గిరిక్ పుకారుకి వేరు ఇక్కడుంది.

స్వతంత్రం వచ్చాక ఆ ప్రకటనని కొట్టేస్తూ 1960 సెప్టెంబర్ 24న కొత్త భూచట్టం తెచ్చారు, ఆ రోజుని ఇప్పటికీ రైతు దినంగా జరుపుకుంటారు. అదే ఏడాది కౌలు వాటాల చట్టం, భూపరిమితి చట్టం. జనం బాగా కిక్కిరిసిన జిల్లాల్లో మడికి 5 హెక్టార్లు గరిష్ఠం, ప్రతి రైతు కుటుంబానికీ కనీసం 2 హెక్టార్లు ఉండాలన్నది ఆశయం. జావాలో ఆ 2 హెక్టార్లు ఎక్కణ్ణుంచి తెస్తారో చట్టం రాసినవాళ్లు చెప్పలేదు. పరిమితి దాటినవాళ్లు తక్కువ, దాటినవాళ్లు కూడా బావమరుదుల పేర్ల మీదకి మార్చేశారు, ఈ విద్య ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. పంపిణీ నత్తనడక నడుస్తుంటే కమ్యూనిస్టు పార్టీకి అనుబంధమైన రైతు సంఘం 1964 ప్రాంతంలో క్లాతెన్ లాంటి చోట్ల తనే మడుల్లోకి దిగి ఆక్రమించడం మొదలుపెట్టింది. భూస్వాములు, వాళ్ల వెనక మతపెద్దలు ఎదురు తిరిగారు. 1965 అక్టోబర్ నుంచి సైన్యం అండతో జరిగిన ఊచకోతలో దేశం మొత్తం మీద కనీసం 5 లక్షల మంది చనిపోయారు, అందులో మధ్య, తూర్పు జావా పల్లెలదే పెద్ద భాగం. పంచిన భూములు చాలాచోట్ల పాతవాళ్ల చేతికే తిరిగెళ్లాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఊళ్లో భూసంస్కరణ అన్న మాట ఎత్తితే కమ్యూనిస్టు ముద్ర పడేది, కాబట్టి ఎవరూ ఎత్తలేదు.

ఇంతవరకూ కాగితం మీద ఎక్కిన హక్కుల కథ. నాకు అసలు ఆసక్తి కాగితం ఎక్కని దాని మీద.

అనిఅని అని చిన్న కోత కత్తి ఉండేది. అరచేతిలో ఇమిడిపోయే చెక్కముక్కకి బిగించిన చిన్న బ్లేడు, అంతే. ఆడవాళ్లు దాన్ని వేళ్ల మధ్య దాచి పట్టుకుని, ఒక్కో కంకినీ మెడ దగ్గర తుంచినట్టు కోసేవాళ్లు. ధాన్యం అంటే దేవి శ్రీ, మన శ్రీదేవే, కొడవలి చూస్తే ఆమె బెదిరిపోతుందని నమ్మకం. కోతకి ఎవరినీ పిలవక్కర్లేదు, మడి పండిందని తెలిస్తే చాలు ఊరి ఆడవాళ్లంతా, పక్క ఊరివాళ్లు కూడా, వచ్చి దిగిపోయేవాళ్లు, ఒక్కోసారి వందల్లో. కోసినదాంట్లో ఎనిమిదో వంతో పదో వంతో వాళ్లది, దాన్ని బావోన్ అంటారు. చుట్టమైతే కాస్త ఎక్కువ కొలిచేవాళ్లు. మడిగలాయన వద్దనలేడు, అంటే ఊళ్లో తలెత్తుకోలేడు. సెంటు భూమి లేని ఆడమనిషికి కూడా ఊళ్లో ప్రతి మడి మీదా ఈ కాస్త హక్కు ఉండేదన్నమాట.

1960ల చివర ఐఆర్8 అనే కొత్త వరి వంగడం, వెనకాలే ఐఆర్ రకాలన్నీ వచ్చాయి, అప్పుడే మన గోదావరి జిల్లాలకీ వచ్చినట్టు. ఎరువు, అప్పు, నీళ్లు అన్నీ ప్రభుత్వ పథకం కింద. ఈ పొట్టి రకాలకి అనిఅని సరిపడలేదు, కొడవలి దిగింది. అందరూ కొడవలినే తిడతారు గానీ అసలు దెబ్బ తెబాసన్ వల్ల పడింది. కోతకి వారం ముందే రైతు నిలబడి ఉన్న పంటని వ్యాపారికి గుత్తగా అమ్మేస్తాడు. వ్యాపారి బయటినుంచి తన ముఠాని, అంతా కొడవళ్లతో మగవాళ్లు, దింపి డబ్బిచ్చి కోయించుకుపోతాడు. పొద్దున్నే అలవాటుగా వచ్చిన పక్కింటావిడతో రైతు చెప్పే మాట ఒక్కటే: నాదేముందమ్మా, అమ్మేశాను, ఆయన్నడగండి. కాదన్న పాపం తన మీద పడకుండా కాదనడానికి ఇంతకన్నా మంచి దారి ఇంకోటి దొరకదు. కొన్ని ఊళ్లలో ఇంకో దారి పట్టింది, ఊరికే నాట్లు వేసి కలుపు తీసి పెట్టిన వాళ్లకే కోతలో చోటు. అంటే అప్పటిదాకా పుట్టుకతో వచ్చిన హక్కుని చాకిరీ చేసి కొనుక్కోవడం.

అదే సమయంలో, 1970ల మొదట్లో, చిన్న బియ్యం మరలు వచ్చాయి. అప్పటిదాకా లెసుంగ్ అనే పొడవాటి కొయ్య తొట్టిలో నలుగురైదుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి రోకళ్లతో దంచేవాళ్లు, ఆ కూలి కూడా బియ్యమే. మర గంటలో ఆ పని చేసేసింది. మనకి మరలు వచ్చిన రోజుల్లో దంపుళ్లు దంచుకునే ఆడవాళ్లకి జరిగిందే అక్కడా జరిగింది. ఇప్పుడు లెసుంగ్ చప్పుడు ఉత్సవాల్లో స్టేజీ మీద వినిపిస్తుంది, బాగానే ఉంటుంది. 1984కల్లా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని దేశం ప్రకటించుకుంది, అబద్ధమేం కాదు, కడుపులు నిండాయి. కానీ ఎవరి మడిలో ఎవరు దిగొచ్చన్నది పూర్తిగా మారిపోయింది.

మళ్లీ గిరిక్ దగ్గరికొస్తే, దాన్ని సర్టిఫికెట్‌గా మార్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. లెటర్ సిలో ఉన్న పేరు చాలాసార్లు ముత్తాతది. ఆస్తి కొడుకులకీ కూతుళ్లకీ ఇద్దరికీ వస్తుంది. పాత సామెత ప్రకారం కొడుకుది కావడి మోత, రెండు పక్కలా బరువు, కూతురిది వీపు మోత, ఒకటే, కానీ చాలా ఇళ్లలో సమానంగానే పంచుకుంటారు. పెళ్లయ్యాక ఇద్దరూ కూడబెట్టింది గోనోగిని, విడిపోతే ఇద్దరికీ వాటా. వినడానికి ఇది మనకన్నా ఎంతో నయం. ఫలితం మాత్రం ఎకరంపావు మడికి పదకొండు మంది వారసులు, అందులో ఒకరు జకార్తాలో, ఇద్దరు ఏనాడో వలస పంపిన సుమత్రా దీవి లాంపుంగ్‌లో, అందరి సంతకాలూ కావాలి. 2017 నుంచి ఊళ్లకి ఊళ్లు కొలిచి సర్టిఫికెట్లిచ్చే పెద్ద కార్యక్రమం నడుస్తోంది, చాలామందికి వచ్చాయి కూడా. వచ్చిన సర్టిఫికెట్‌ని బ్యాంకులో తాకట్టు పెట్టడాన్ని అక్కడ బడికి పంపడం అంటారు. బడికి వెళ్లిన కాగితం అన్నిసార్లూ ఇంటికి తిరిగి రాదు.

కాగితం ఉన్నా నిశ్చింత లేదనడానికి వదాస్ ఒక ఉదాహరణ. పుర్వొరెజో జిల్లాలో కొండ మీది ఊరు, ఓ ఆనకట్టకి రాయి కావాలని ఆ కొండని తవ్వడానికి పూనుకున్నారు. 2022 ఫిబ్రవరిలో కొలతలకి వచ్చినవాళ్లతోపాటు పోలీసులు పెద్దఎత్తున దిగి 60 మందికి పైగా పట్టుకెళ్లి మర్నాడు వదిలారు. అక్కడి ఆడవాళ్లు అంతకుముందు నుంచే వెదురు బుట్టలు అల్లుతూ దారిలో కాపలా కూర్చునేవాళ్లు.

ఇక వరి ఊళ్లలో ఇప్పుడు కోత మిషన్లు కూడా వచ్చేశాయి. మిషన్ ఒక చాలు పూర్తిచేసి మలుపు తిరిగేలోపు వెనకాల గోనెసంచులు పట్టుకుని నలుగురైదుగురు ముసలి ఆడవాళ్లు దిగుతారు, రాలిన కంకులు ఏరుకుంటారు. దాన్ని అక్కడ ఙసాక్ అంటారు, మన పరిగె ఏరుకోవడమే. దీనికి గిరిక్ ఎన్నడూ లేదు కాబట్టి, 2026 ఫిబ్రవరి 2 వాళ్లకి మామూలు సోమవారమే.