"ఉప్పునీళ్లే కదా మేడమ్!" - డాక్టరు, పేషెంటు ఆట మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో దంపతులకి లైంగిక ఆరోగ్యం మీద కౌన్సెలింగ్ చేస్తుంటాను. అంతకుముందు చాలాకాలం వార్డులో స్టాఫ్ నర్సుని. నా దగ్గరికి వచ్చే జంటలు నిద్ర పట్టట్లేదనీ, బీపీ అనీ అరగంట ఏవేవో చెప్పి, లేచి తలుపు దాకా వెళ్లి, అప్పుడు వెనక్కి తిరిగి అసలు సంగతి అడుగుతారు: "మేడమ్, మేమిద్దరం డాక్టరు, పేషెంటులా ఆడుకుంటాం. అది జబ్బా?"

కాదు. ఇద్దరూ పద్దెనిమిది నిండినవాళ్లు, ఇద్దరికీ ఇష్టమే, ఎవరికీ హాని లేదు అంటే దాన్ని జబ్బు అనరు. మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం కూడా 2013లోనే ఈ తేడా స్పష్టంగా రాసింది. దీనికోసం నిద్ర పాడుచేసుకోకండి. నిద్ర పాడుచేసుకోవాల్సింది వేరే ఉంది.

అపోహ: అసలు సూది, అసలు సెలైన్ ఉంటేనే మజా. ఉప్పునీళ్లే కదా, ఏటవుద్ది?

ఈ మాట విని విని విసుగొచ్చింది. మన జిల్లాలో నీరసం అంటే సెలైన్, జ్వరం అంటే సెలైన్. వాకిట్లో మంచం వేసి, కిటికీ ఊచకి సీసా కట్టి ఎక్కించడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి అదేదో కొబ్బరినీళ్లలాంటిదే అనుకుంటాం. అర లీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది, అదంతా నేరుగా రక్తంలోకి పోతుంది. కిడ్నీ పాడైనవాళ్లకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఆ నీరు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. ఉద్దానంలో కిడ్నీ సగం పాడైనా బయటికి ఏమీ తెలియని మనుషులు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లకి క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష, ఎప్పుడు చేయించారు?

ఒకతను ఏదో క్లినిక్‌లో కొన్నాళ్లు సహాయకుడిగా చేశాడు, క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడం వచ్చు. భార్య ఒప్పుకునే చేయి చాపింది. మూడోనాటికి మోచేతి దగ్గర నరం ఎర్రగా, తాడులా గట్టిపడి, ముట్టుకుంటే ఆవిడ కళ్లలో నీళ్లు. వార్డులో అడిగితే "గట్టు మీద పడ్డానండి" అంది. ఆ అబద్ధం వల్ల వైద్యం ఒక రోజు ఆలస్యమైంది. గాలిబుడగ వెళ్తే చచ్చిపోతారని సినిమాలు చూసి భయపడేవాళ్లే చేతులు కూడా కడుక్కోకుండా సూది పట్టుకుంటారు, అదే నాకు అర్థం కాదు. చిన్న బుడగ సాధారణంగా ఏమీ చేయదు. చేసేది ఇన్ఫెక్షన్, గడ్డకట్టిన రక్తం, ఒకరి సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ. కాబట్టి చర్మం దాటి లోపలికి వెళ్లేది ఏదీ ఆటలోకి రాకూడదు. సూది లేని ఖాళీ సిరంజి చాలు. మూత్రనాళంలో గొట్టాలు అసలే వద్దు. ఎనిమా కూడా వద్దు, ముఖ్యంగా మందులషాపులో దొరికే ఫాస్ఫేట్ రకం, అది పాడైన కిడ్నీని ఇంకా పాడుచేస్తుంది.

నిద్రమాత్ర కూడా ఇందులోదే. "కొంచెం మత్తుగా ఉంటే ఆపరేషన్ థియేటర్‌లా ఉంటుందని" అల్ప్రాజోలం వేసినవాళ్లున్నారు. దానికి మద్యం తోడైతే ఊపిరి ఆగిపోవచ్చు. ఊపిరి ఆగకపోయినా, మత్తులో ఉన్న మనిషి ఆపమని చెప్పలేరు. చెప్పలేని మనిషి ఒప్పుకున్నట్టు కాదు.

అపోహ: ముందే అన్నీ మాట్లాడుకుంటే సరదా పోతుంది.

మాట్లాడుకోకపోతేనే పోతుంది. ఒక జంట కిరాణా చీటీ వెనక మూడు గళ్లు గీసుకొచ్చారు: సరే, చూద్దాం, వద్దే వద్దు. తెల్లకోటు, స్టెతస్కోపు మొదటి గడిలో. కట్టు కట్టడం రెండో గడిలో. "డాక్టరు కసురుకోవాలి" అని ఆయన రాస్తే ఆవిడ కొట్టేసి మూడో గడిలోకి తోసింది: "రోజంతా మీ అమ్మ దగ్గర తింటున్నది చాలదేటి?" ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ చీటీయే అసలు పని. ఆపెయ్యమనడానికి ఆటలో ఎప్పుడూ రాని మాట ఒకటి పెట్టుకున్నారు, మన రైలుస్టేషన్ ఉన్న ఊరి పేరు, ఆమదాలవలస. ఆ మాట వినిపిస్తే ఎక్కడున్నా దిగిపోవడమే, ఎందుకని అడగకూడదు. మూతికి మాస్కు ఉంటే మాట వినపడదు కాబట్టి చేతిలో తాళాలగుత్తి పెట్టుకోండి, వదిలేస్తే ఆట ఆగినట్టే. ఇవన్నీ గుర్తుపట్టే అలవాటు అయ్యేదాకా మామూలు "వద్దు" కూడా వద్దే.

ఇంకోటి అడగండి: ఆసుపత్రితో ఎదుటివాళ్లకి పాత బాధ ఏమైనా ఉందా అని. సోంపేట వైపు ఒకావిడ స్పిరిట్ వాసనకే మొహం తిప్పేసుకునేది. భర్త సిగ్గనుకున్నాడు. వాళ్ల నాన్నని ఏళ్ల తరబడి డయాలసిస్‌కి తిప్పింది ఆవిడే. అలాంటి మనిషికి తెల్లకోటు ఆట కాదు.

అపోహ: పెళ్లయ్యాక అడగడమేంటి? అడగాలి. 2005 గృహహింస చట్టం లైంగిక వేధింపుని కూడా హింస కిందే లెక్కేస్తుంది. బలవంతం ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మిగతావి గబగబా. పాదరసం థర్మామీటరు వద్దు, డిజిటల్ది వాడండి. లేటెక్స్ పడకపోతే నైట్రైల్ గ్లౌజులు. స్పిరిట్ సున్నితమైన చోట రాస్తే మండిపోతుంది, దగ్గర్లో కొవ్వొత్తి ఉంటే నిజంగానే మండుతుంది. క్రేప్ బ్యాండేజీ కట్టాక వేళ్లు చల్లబడ్డా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పండి, మొన మొద్దుగా ఉన్న కత్తెర చేతికందేలా పెట్టుకోండి. మెడకి ఏదీ చుట్టకండి. ఫోన్‌లో వీడియో తీయాలంటే దానికి వేరే ఒప్పుకోలు కావాలి, తీసినా ఎవరి దగ్గర ఉంటుందో ముందే తేల్చుకోండి. అయిపోయాక కోటు విప్పేసి, నీళ్లు తాగి, కాసేపు పక్కన కూర్చోండి. కొందరికి అప్పుడే ఏడుపొస్తుంది, కంగారుపడకండి.

ఏదైనా తేడా చేస్తే 108కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి, డ్యూటీలో ఉన్నవాళ్లు మొదట అడిగేది ఇవే, మీ పడకగది కబుర్లు కాదు. మాత్రల అట్ట ఉంటే జేబులో వేసుకుని రండి.